తలలు లెక్కపెడతారు, ఏటిపాయలు లెక్కపెట్టరు

నాగాయలంక (మా విలేకరి): కృష్ణా జిల్లా పటంలో అన్నిటికంటె దిగువన, నది పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసేచోట నాగాయలంక మండలం వున్నది. పటం మీద చూస్తే ఇది పెద్ద మండలమే. జనాభా లెక్క తీస్తే అంత పెద్దది కాదు. ఈ రెంటికీ మధ్యనున్న తేడాయే మన శివారు గ్రామాల కష్టాలకు సగం మూలం. ఎందుకంటే మన దేశంలో రోడ్డు వేయాలన్నా, ఆస్పత్రి పెట్టాలన్నా, పంచాయతీకి డబ్బు పంచాలన్నా ముందు అడిగేది "ఎంతమంది వున్నారు?" అనే. "ఎంత దూరాన వున్నారు? మధ్యన ఎన్ని ఏళ్ళు అడ్డం వున్నాయి?" అన్న ప్రశ్న తరువాతెప్పుడో వస్తుంది. చాలాసార్లు అసలు రాదు.

అధికారులు మనమీద కక్ష కట్టారని చెప్పడానికి ఇది రాయడం లేదు. ఇక్కడికి బదిలీ అయి వచ్చిన ఉద్యోగుల్లో మంచివారూ వున్నారు, ఎప్పుడు వెళ్ళిపోదామా అని చూసేవారూ వున్నారు. అది అన్నిచోట్లా వున్నదే. మనకు నష్టం చేస్తున్నది మనుషులకంటె లెక్క కట్టే పద్ధతి. ఆ పద్ధతి ఏమిటో గ్రామస్థులకు తెలిస్తే అడగవలసిన చోట అడగవచ్చు.

మండలం స్వరూపం

నాగాయలంక, భావదేవరపల్లి, గణపేశ్వరం వంటి గ్రామాలు దాటి దిగువకు పోయేకొద్దీ నేల తీరు మారిపోతుంది. వరిచేల తరువాత రొయ్యల చెరువులు, వాటి తరువాత ఉప్పుపర్రలు, ఆపైన మడ అడవులు, పాయలు, దిబ్బలు. సొర్లగొంది, గుల్లలమోద ఆ అంచున వున్న ఊళ్ళు. ఎదురుమొండి, నాచుగుంట, ఈలచెట్లదిబ్బ వైపు నీరు దాటనిదే పోలేము. పెళ్ళివారైనా, పురుటి నొప్పులు పడే మనిషైనా, రేషన్ బియ్యమైనా రేవుకు రావలసిందే. పడవో బల్లకట్టో దొరికేదాకా ఆగవలసిందే. ఎదురుమొండికి వంతెన అన్న కోరిక ప్రతి ఎన్నికలోనూ వినపడే మాటే.

ఈ దిగువ భాగంలో కృష్ణా అభయారణ్యం వున్నది. కృష్ణా, బాపట్ల జిల్లాల్లో కలిపి దాని విస్తీర్ణం సుమారు 195 చదరపు కిలోమీటర్లు. మడ అడవి మనకు మేలు చేసేదే, ఉప్పెన దెబ్బను కొంత కాచుకునేదే. అందులో సందేహం లేదు. అయితే అడవి పంచాయతీకి ఇంటిపన్ను కట్టదు. అడవిలోనుంచి దారి వేయాలంటే 1972 వన్యప్రాణి చట్టం, 1980 అటవీ సంరక్షణ చట్టం దాటి రావాలి. ఆ అనుమతులు మండల కచేరీలో దొరికేవి కావు.

ఇక సాగునీరు. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు కాలువల వెంబడి వచ్చి, బ్రిటిష్ వారి కాలంలో కట్టిన పులిగడ్డ అక్విడెక్టు మీదుగా నది పాయ దాటి, దివిసీమలో ప్రవేశించి, ఆఖరున మన చేలకు చేరాలి. పైవారు తడుపుకోగా మిగిలినదే శివారు రైతుకు. వరదకు మాత్రం ఈ నియమం లేదు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చినప్పుడు అదంతా దిగవలసింది మన లంకల మీదుగానే. కావలసిన నీరు ఆఖరున వస్తుంది, అక్కరలేని నీరు తప్పకుండా వస్తుంది.

రోడ్డుకు 500 మంది కావాలి

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000లో మొదలైంది. దాని ప్రకారం మైదాన ప్రాంతంలో ఒక పల్లెకు కొత్తగా పక్కా రోడ్డు రావాలంటే అక్కడ కనీసం 500 మంది జనాభా వుండాలి. కొండ రాష్ట్రాలకు, ఎడారికి, గిరిజన ప్రాంతాలకు ఈ హద్దును 250కి తగ్గించారు. 2024 సెప్టెంబరులో కేంద్రం ఆమోదించిన నాలుగో దశలోనూ దాదాపు ఇదే పద్ధతి. నక్సలైట్ల బెడద వున్న జిల్లాల్లోనైతే 100 మంది వున్నా చాలు. జనాభాకు 2011 లెక్కలనే ఆధారం చేశారు.

కొండకు సడలింపు వున్నది, ఎడారికి వున్నది. ఏటి నడుమ దిబ్బకు లేదు. కాగితం మీద మన మండలం "మైదానం". ఎత్తు పల్లాల్లో చూస్తే మైదానమే, ఎవరూ కాదనరు. కాని మైదానంలో నాలుగు వందల మంది వున్న పల్లెవాడు రోడ్డు లేకపోతే గట్టు వెంబడి బురదలో నడిచైనా పెద్ద ఊరు చేరుకుంటాడు. పాయ అవతల నాలుగు వందల మంది వున్నచోట నడిచే వీలే లేదు. ఈ రెండు పల్లెలనూ ఒకే గాటన కట్టడం ఏ న్యాయం?

ఆస్పత్రుల సంగతీ అంతే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మైదానంలో 30 వేల జనాభా, కొండ, గిరిజన, దుర్గమ ప్రాంతాల్లో 20 వేలు. ఉపకేంద్రానికి 5 వేలు, అక్కడైతే 3 వేలు. ఇక్కడ "దుర్గమ ప్రాంతం" అన్న మాట వున్నది గనుక కొంత దారి వున్నట్టే. మన దిబ్బలను ఆ మాట కిందకు తీసుకురావాలని పంచాయతీలు తీర్మానాలు చేసి జిల్లా వైద్యాధికారికి పంపాలి. అడగకుండా ఆ మాటను మనకు వర్తింపజేసే వారెవరు?

వంద రూపాయల పంపకం

పంచాయతీల డబ్బు సంగతి కొంచెం నిదానంగా చూడాలి. 2021 నుంచి 2026 వరకు అమలులో వున్న 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో నూటికి 60 తాగునీటికి, పారిశుద్ధ్యానికి కేటాయించి, మిగిలిన 40ని గ్రామ అవసరాలకు వదిలారు. ఆ 40ని జీతాలకు వాడరాదు. ఈ గ్రాంటును రాష్ట్రంలోని పంచాయతీలకు రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసు ప్రకారం పంచాలి. అటువంటి సిఫారసు లేకపోతే జనాభాకు 90 పాళ్ళు, విస్తీర్ణానికి 10 పాళ్ళు లెక్కకట్టి పంచాలన్నారు.

ఈ 90–10 అంటే ఏమిటో వూహకు రెండు ఊళ్ళు పెట్టుకొని చూద్దాం. మొదటి ఊళ్ళో 4 వేలమంది, విస్తీర్ణం 5 చదరపు కిలోమీటర్లు. రెండో ఊళ్ళో 2 వేలమంది, విస్తీర్ణం 40 చదరపు కిలోమీటర్లు. రెంటికీ కలిపి 100 రూపాయలు వస్తే మొదటి ఊరికి సుమారు 61, రెండో ఊరికి 39 చేరతాయి. తలకు ఎంత పడిందని చూస్తే రెండో ఊరికే కాస్త ఎక్కువ. అందుకని పైవారు "మీకు అన్యాయమేమీ జరగలేదే" అంటారు. కాని రెండో ఊరు ఎనిమిది రెట్లు పెద్దది. పైపు గొట్టం ఎనిమిది రెట్లు కాకపోయినా నాలుగు రెట్లు పొడుగు వేయాలి. వీధి దీపానికీ వీధి దీపానికీ మధ్య చీకటి ఎక్కువ. పారిశుద్ధ్య కార్మికుడు తిరగవలసిన దూరం ఎక్కువ. సిమెంటు, ఇటుక, ఇసుక పడవ మీద పోవాలంటే ఎక్కించే కూలి ఒకటి, దించే కూలి ఒకటి. అదే వంద రూపాయలను జనాభాకు 70, విస్తీర్ణానికి 30 చొప్పున పంచి చూడండి, రెండు ఊళ్ళకూ సరిగ్గా యాభై, యాభై వస్తాయి.

జనం కిక్కిరిసిన ఊరి నోరు కొట్టి మనకు పెట్టమని అనడం లేదు. అక్కడా మురుగు కాలువలు పొంగుతున్నాయి, మంచినీరు చాలడం లేదు. అయితే దూరానికి, నీటి అడ్డుకు లెక్కలో చోటు వుండాలనడం తప్పు కాదు. మండల పరిషత్తుకు వచ్చే సాధారణ గ్రాంటు పేరే "తలసరి గ్రాంటు". ఆ పేరులోనే మన సంగతి తేలిపోయింది!

పదవుల లెక్క కూడా ఇటువంటిదే. ఎంపీటీసీ స్థానాలు మూడు, నాలుగు వేల జనాభాకు ఒకటి చొప్పున ఏర్పడతాయి. జడ్పీటీసీ మాత్రం మండలానికి ఒక్కరే, చిన్నదైనా పెద్దదైనా. జిల్లా పరిషత్తులో మన గొంతు పెద్ద మండలంతో సమానమన్నమాట. 1985లో తాలూకాలు తీసి మండలాలు పెట్టినప్పుడు మనకు దక్కిన లాభాల్లో ఇదొకటి. దానిని ఎంతవరకు వాడుకున్నామో గెలిచినవారిని అడగాలి. శాసనసభ వరకు పోతే అవనిగడ్డ నియోజకవర్గంలో ఆరు మండలాలు. అక్కడ మళ్ళీ ఓట్ల లెక్కే.

మనుషులు తక్కువైతే మేలన్నవారూ వున్నారు

మనుషులు తక్కువగా వుండడం అందరికీ లోటుగా తోచదు. కొందరు వెతికి వెతికి అటువంటి చోటే కోరుకుంటారు. నెల్లూరు తీరాన శ్రీహరికోటను 1969లో రాకెట్ల కేంద్రానికి ఎంపిక చేసినప్పుడు చూసిన గుణాల్లో తూర్పున సముద్రం వుండడం, జనం పలుచగా వుండడం ముఖ్యమైనవి. ఇప్పుడు మన వంతు వచ్చింది. నాగాయలంక మండలం గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025 మే 2న ప్రధాని అమరావతి నుంచి శంకుస్థాపన చేశారు. దాని అంచనా సుమారు 1,460 కోట్ల రూపాయలు.

దేశరక్షణకు అవసరమైన పని గనుక వద్దనేవారు లేరు. దానితోపాటు రోడ్లు, కరెంటు, నాలుగు ఉద్యోగాలు వస్తాయని యువకుల ఆశ. అది జరగవచ్చు. కాని జరగాలని కోరడం వేరు, జరిగేట్టు చూసుకోవడం వేరు. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్ర ప్రభుత్వ ఆస్తి మీద పంచాయతీ పన్ను వేయడానికి లేదు. అయితే పన్ను బదులు సేవా రుసుము అనేది ఒకటి వున్నది. రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో 2009లో సుప్రీంకోర్టు దాకా పోయి కేంద్ర సంస్థలు ఆ రుసుము చెల్లించే ఏర్పాటు ఖాయమైంది. అది పట్టణం కేసు. పల్లెకూ ఆ దారి వున్నదా అని జిల్లా పంచాయతీ అధికారి ద్వారా రాతపూర్వకంగా ఇప్పుడే అడగాలి. గోడలు లేచాక అడిగితే "ముందెందుకు అడగలేదు?" అంటారు.

వేటకు పోయేవారి సంగతి అంతకంటె ముఖ్యం. ఒడిశాలో చాందీపూర్ దగ్గర ఇటువంటి పరీక్షలు జరిగే రోజుల్లో చుట్టుపక్కల గ్రామాలవారిని తాత్కాలికంగా ఖాళీ చేయించి పరిహారం ఇవ్వడం అలవాటుగా వస్తున్నది. పడవలను ఆ వైపు రానివ్వరు. మన తీరంలో ఎన్ని రోజులు వేట ఆగుతుంది, ఎన్ని మైళ్ళ మేర ఆగుతుంది, ఆ రోజు కూలి ఎవరిస్తారు, ఎదుటి పాయలో పీతలు పట్టుకొనే ఆడవారి మాటేమిటి? ఇవి కాగితం మీద పెట్టించుకోవలసిన ప్రశ్నలు. పడవ యజమానికి పరిహారం ఇచ్చి కళాసీని మరచిపోవడం మన దేశంలో కొత్త కాదు.

తీరం నియమాల్లోనూ ఈ జనసాంద్రత తగులుతుంది. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం ప్రధాన తీరం మీద వున్న గ్రామాల్లో చదరపు కిలోమీటరుకు 2,161 మంది మించి వుంటే పోటు గీత నుంచి 50 మీటర్లవరకే నిర్మాణ నిషేధం. అంతకు తక్కువ జనం వున్న గ్రామాల్లో 200 మీటర్లు. దీవులకు లెక్క వేరు. పాత ఇంటిని బాగు చేసుకోవచ్చు గాని కొత్తగా ఏదైనా కట్టాలంటే జనం పలుచని ఊరివాడే ఎక్కువ వెనక్కి జరగాలి. తీరాన్ని కాపాడడానికే ఈ నియమం, నిజమే. అదే తీరాన్ని కిక్కిరిసిన ఊళ్ళో కాపాడనక్కరలేదా అన్నది మాత్రం అర్థం కాదు.

ఉప్పెన తలలు లెక్కపెట్టదు

1977 నవంబరు 19 శనివారం నాడు వచ్చిన ఉప్పెన దివిసీమలో పెద్దవారెవరూ మరవలేదు. రెండు తాటిచెట్ల ఎత్తున నీరు లేచిందని కొందరంటారు. లెక్కలు కట్టినవారు సుమారు 5 మీటర్లన్నారు. అదేమీ తక్కువ కాదు. ప్రభుత్వ లెక్కలోనే పదివేల ప్రాణాలు పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప వంటి పల్లెలు తుడిచిపెట్టుకు పోయాయి. రేడియోలో తుపాను వార్త వచ్చింది. విన్నవారు ఎక్కడికి పోవాలి? ఎక్కడానికి మేడ లేదు, పరుగెత్తడానికి రోడ్డు లేదు. ఆనాడు దూరమే జనాన్ని చంపిందంటే అతిశయోక్తి కాదు.

తరువాత తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మే 9న దాదాపు మన తీరానికే పెద్ద తుపాను వచ్చింది. గాలి తక్కువదేమీ కాదు. లక్షన్నర మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. 967 మంది చనిపోయారు. పోయిన ఒక్కొక్క ప్రాణమూ విలువైనదే గాని, పదివేలకు, వెయ్యికి లోపుకు వున్న తేడా ఎక్కడినుంచి వచ్చింది? ముందు కబురు, నిలబడే మేడ, కదిలించే వాహనం. ఈ మూడూ వున్నచోట జనం బ్రతికారు.

ఇటీవల 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటాయి. ఒకటి మనకు పడమర, మరొకటి తూర్పు. మధ్యన దివి. ప్రతిసారీ అట్లా పక్కనుంచి పోతుందని ఎవరు చెప్పగలరు? పాయ అవతలివారి విషయంలో ఒక చిక్కు వున్నది. గాలి ముదిరితే పడవలు ఆపేస్తారు, ఆపవలసిందే. కనుక గట్టు మీది ఊరికి ఇవ్వదగిన వ్యవధి దిబ్బకు చాలదు. గట్టువారిని సాయంత్రం తరలిస్తే సరిపోయేచోట దిబ్బవారిని ఆ ఉదయమే, వీలైతే ముందురోజే దాటించాలి. పశువుల్ని ఏం చేయాలో కూడా అప్పుడే తేలాలి. చాలామంది కదలనిది గేదెను వదలలేకే. వంతెనకు ఖర్చు లెక్క కట్టేటప్పుడు రోజూ దాటే మనుషుల్ని మాత్రమే లెక్కపెడితే ఎప్పటికీ గిట్టుబాటు కాదు. పదేళ్ళకొకసారి వచ్చే ఆ ఒక్క రోజును కూడా లెక్కలో వేయాలి.

బయటివారు ఎట్లా చేస్తున్నారు?

జనం తక్కువ, తీరం ఎక్కువ అన్న సమస్య మనదొక్కరిదే కాదు. న్యూజిలాండ్ దేశంలో పడమటి తీరాన వెస్ట్‌లాండ్ అనే స్థానిక పాలనా జిల్లా వున్నది. విస్తీర్ణం 12 వేల చదరపు కిలోమీటర్లకు దగ్గర, జనం పదివేలకు లోపు. అయిదింట నాలుగు వంతులకు మించిన నేల ప్రభుత్వ సంరక్షణలోని అడవి, మంచుకొండ. దాని మీద కౌన్సిలుకు పన్ను రాదు. ఇంతవరకు మన కథే. తేడా ఎక్కడంటే, అక్కడ పెద్ద రహదారిని పూర్తిగా జాతీయ సంస్థే చూస్తుంది. కౌన్సిలు కింద వున్న చిన్న రోడ్లకు కూడా ఖర్చులో సగానికి పైగా జాతీయ నిధినుంచి ఇస్తారు. స్తోమతు తక్కువైన కౌన్సిలుకు ఆ పాలు ఇంకా పెంచుతారు. 2019 మార్చి 26న అక్కడి వైహో నది వరదకు రహదారి వంతెన కొట్టుకుపోతే 18 రోజుల్లో మళ్ళీ నిలబెట్టారు. అది ధనిక దేశం, మనది కాదు. మనం గమనించవలసింది డబ్బును కాదు, పంపకం పద్ధతిని. ఊరి స్తోమతును, రోడ్డు పొడుగును చూసి ఇవ్వడం పేద దేశానికీ సాధ్యమే.

అడగవలసిన చోట

రాజ్యాంగం 243-ఐ అధికరణం ప్రకారం ప్రతి అయిదేళ్ళకు రాష్ట్రంలో ఒక ఆర్థిక సంఘం వేయాలి. పంచాయతీలకు ఏ లెక్కన పంచాలో చెప్పేది అదే. ఆ సంఘానికి సర్పంచులు, మండల పరిషత్తులు వినతులు పంపవచ్చు. నాగాయలంక, కోడూరు మండలాల పంచాయతీలు విడివిడిగా కాక ఒకే మాటగా, నీటి అడ్డు వున్న గ్రామాలకు విస్తీర్ణం పాలు పెంచాలని, పడవ రవాణా ఖర్చును పనుల అంచనాలో కలపాలని రాసి పంపితే ఫైలులోనైనా వుంటుంది. అంచనాలో పడవ ఖర్చు లేకపోవడం వల్ల కాంట్రాక్టర్లు దిబ్బ పనికి టెండరు వేయరు, వేసినవాడు సిమెంటు తగ్గిస్తాడు. ఇది అందరికీ తెలిసిన రహస్యమే.

గ్రామ సడక్ యోజనలో దీవులకు 250 హద్దు వర్తింపజేయాలన్న కోరిక ఢిల్లీలో తేలవలసినది. అది పార్లమెంటు సభ్యుని పని. మనతోపాటు పులికాట్ సరస్సులోని దీవుల వంటి చోట్లవారికీ ఇది పనికివస్తుంది గనుక ఒక్కరే అడుగుతున్నారన్న మాట రాదు.

ఈలోపు మనచేతిలో వున్న పని ఒకటి. 2011 తరువాత జనగణన జరగవలసిన 2021లో జరగలేదు. కేంద్రం ప్రకటించిన ప్రకారం తరువాతి లెక్కకు 2027 మార్చి 1 ఆధార తేదీ. దారి లేక, బడి లేక పిల్లలతో అవనిగడ్డకో విజయవాడకో చేరిన కుటుంబాలు ఇక్కడి లెక్కలో పడవు. వారు పోవడం వల్ల సంఖ్య తగ్గుతుంది, సంఖ్య తగ్గడం వల్ల దారి రాదు, దారి రానందువల్ల ఇంకో నాలుగు కుటుంబాలు పోతాయి. పోయినవారిని మనం తీసుకురాలేము. కాని వున్నవారైనా లెక్కలో పడాలి. వేటకు పోయినవారు, రొయ్యల చెరువుల కాపలా పాకల్లో వుండేవారు, దిబ్బల మీద గుడిసెలవారు ఎన్యూమరేటరు వచ్చిన పూట కనిపించకపోతే జాబితాలోకి ఎక్కరు. పడవ వేళ, పోటు వేళ తెలిసిన స్థానికుణ్ణి ఎన్యూమరేటరు వెంట పంపే ఏర్పాటు పంచాయతీలు తహశీల్దారుతో మాట్లాడి చేసుకోవాలి. ఒక పల్లెలో 490 అని రాయడానికీ, 505 అని రాయడానికీ మధ్య నాలుగిళ్ళ తేడా. రోడ్డుకు హద్దు 500.